అలసట తీర్చేవాడు లేని బౌలర్

వేలూరులో 1900లో చిన్న వైద్యశాలగా మొదలై, నేడు లోకమంతా ఎరిగిన ఆసుపత్రికి పునాది వేసిన ఐడా స్కడర్ అమెరికా మిషనరీల ఇంటి బిడ్డ. అమెరికా వాళ్ళ వైద్యం మన ఊళ్ళకు వచ్చింది గాని, వాళ్ళకు ప్రాణమైన బేస్‌బాల్ ఆట మన దాకా రాలేదు. వేలూరులోనైనా, గుడియాత్తంలోనైనా కుర్రాళ్ళ చేతిలో కనిపించేది క్రికెట్ బ్యాటే.

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతను అలసిపోతే పక్కన సిద్ధంగా ఉన్న మరొకణ్ణి దింపుతారు. అతనే రిలీఫ్ పిచర్. ఒకసారి బయటికి వెళ్ళినవాడు ఆ పోటీలో మళ్ళీ రాకూడదు. ఈ ఆదుకునేవాళ్ళ శ్రమకు చాలాకాలం సరైన లెక్కే లేదు. గెలుపును చివర నిలబెట్టినవాడికి 'సేవ్' అనే లెక్కను 1969లో అధికారికంగా చేర్చారు. ఆ లెక్కలోనే మరియానో రివేరా 2013 నాటికి 652 సేవ్‌లతో అందరికంటె ముందు నిలిచాడు.

పాతకాలపు క్రికెట్‌లో ఈ వెసులుబాటు లేదు. బౌలర్ ఎంత అలసినా, బయటినుంచి వచ్చిన మనిషి అతని బదులు బంతి వేయడానికి వీలుండేది కాదు. ఆ భారం ఎంతటిదో చూపినవాడు ఒక తెలుగువాడు, కొఠారి సుబ్బన్న నాయుడు. భారత జట్టు తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడికి తమ్ముడు. మీలాగే తెలుగుదేశానికి వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. 1914లో నాగపూరులో పుట్టాడు.

సి.ఎస్. లెగ్‌స్పిన్ బౌలర్. 1942-43లో బరోడా తరఫున ఒకే రంజీ సీజనులో 40 వికెట్లు తీశాడు. అంతకుముందు ఎవరూ అన్ని తీయలేదు. 1946లో ఇంగ్లండులో సర్రే జట్టుపై హాట్రిక్ సాధించాడు.

1945 మార్చిలో బొంబాయిలో రంజీ ఫైనల్ జరిగింది. హోల్కర్ జట్టుకు కెప్టెన్ అన్నగారే. బొంబాయి మొదట 462, తరువాత 764 పరుగులు చేసింది. తమ్ముడు మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు, రెండో ఇన్నింగ్స్‌లో 88 ఓవర్లు వేశాడు. మొత్తం 917 బంతులు! 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. వేలు, మణికట్టు తిప్పి వేసే బౌలింగు అది. ప్రతి బంతికీ చేతికి శ్రమే. హోల్కర్ తరఫున డెనిస్ కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచినా, 374 పరుగుల తేడాతో ఓటమి తప్పలేదు. ఫస్ట్‌క్లాస్ పోటీల్లో ఒకే ఆటలో ఇన్ని బంతులు వేసినవాడు ప్రపంచంలో నేటికీ మరొకడు లేడు.

మరి టెస్టుల్లో? 1934 నుంచి 1952 దాకా 11 టెస్టులాడి రెండే వికెట్లు తీశాడు. ఈ అంకె ఒక్కటే చూసినవారు పెదవి విరుస్తారు. కాని ఆ 11 టెస్టుల్లో అతను వేసినవి మొత్తం 87 ఓవర్లు. అంటే బొంబాయిపై ఒక్క ఇన్నింగ్స్‌లో వేసినదానికంటె ఒక ఓవరు తక్కువ! ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అతని వికెట్లు 647. బంతి చేతికిచ్చినచోట పని చేసి చూపాడు. ఇవ్వనిచోట ఏం చేసి ఉండేవాడో ఏ పట్టికా చెప్పదు.

2002లో ఇందూరు నగరంలో, హోల్కర్ల పూర్వ రాజధానిలో, ఆయన కన్నుమూశారు. రిలీఫ్ పిచర్ల శ్రమకు అమెరికాలో ఆలస్యంగానైనా ఒక లెక్క దొరికింది. సి.ఎస్. విషయంలో కొత్త లెక్క అక్కరలేదు. రెండు వికెట్ల పక్కన ఆ 917 బంతులను కూడా చదివితే చాలు.