నల్లమందూ, ప్రేగూ, పెట్టుబడీ

వైజ్ఞానిక చరిత్రలో మెదడుకు దక్కిన గౌరవం ప్రేగుకు దక్కలేదు. నల్లమందు గ్రాహకాల కథే చూడండి. 1973లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్‌లు ఎలుక మెదడులో ఈ మందు అంటుకునే చోటును చూపారని అందరూ చెబుతారు. అదే వ్యాసంలో గినీ పంది ప్రేగు కూడా ఉన్నదని చెప్పేవారు తక్కువ.

నిజానికి విరేచనాలు కట్టడానికి నల్లమందు పనికివస్తుందని మన పల్లెటూళ్ల ముసలమ్మలకూ తెలుసు. గినీ పంది ప్రేగు కదలికను మార్ఫిన్ అణచివేస్తుందని జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ 1917లోనే చూపాడు. హిట్లరు పాలన నుండి తప్పించుకొని 1934లో స్కాట్లండు చేరిన యూదు శాస్త్రజ్ఞుడు కోస్టర్‌లిట్జ్, ఎబర్డీన్‌లో అదే ప్రేగు ముక్కను మందుల బలం తూచే తక్కెడగా వాడాడు. శరీరం తనంతట తాను తయారుచేసుకునే నల్లమందును, అనగా ఎన్‌కెఫలిన్లను, ఆయనా జాన్ హ్యూస్ కలిసి 1975లో పంది మెదడునుండి వేరుచేయడానికి ఆ తక్కెడ తోడ్పడింది. 1978లో లాస్కర్ బహుమానం ఆ ఇద్దరికీ, స్నైడర్‌కూ వచ్చింది. గ్రాహకాన్ని చూపిన ప్రయోగం పెర్ట్ చేతిమీదుగా జరిగింది. ఆమె పేరు మాత్రం లేదు. ఆమె ఊరుకోలేదు, బహిరంగంగానే నిరసించింది.

ప్రేగుకు మళ్లీ న్యాయం జరిగింది 2003లో. ఫ్రాన్సులోని లీల్ పరిశోధకులు చిట్టెలుకల పెద్దప్రేగులో రసాయనంతో వాపు పుట్టించారు. ‘మ్యూ’ గ్రాహకం లేని ఎలుకలకు వ్యాధి ముదిరింది. గ్రాహకాన్ని ప్రేరేపించే మందిచ్చిన వాటికి తగ్గింది. ఇంతమాత్రాన రోగికి మార్ఫిన్ ఇవ్వమనడం అవివేకం. ఎలుకకు వచ్చింది కొద్దిరోజుల గాయం, మనిషిది ఏళ్ల తరబడి వేధించే రోగం. పైగా పెద్దప్రేగు తీవ్రంగా వాచినప్పుడు దాని కదలికను ఆపే మందులు ప్రాణానికే ముప్పు తేగలవు.

విచిత్రమేమంటే, గ్రాహకాన్ని మూసే నాల్‌ట్రెక్సోన్ కూడా ఎలుకలలో వాపును తగ్గించింది. కొద్దిసేపు మూస్తే శరీరం తన సొంత నల్లమందును ఎక్కువగా తయారుచేస్తుందని ఒక ఊహ. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో చిన్న మోతాదులో క్రోన్ వ్యాధిగ్రస్తులకు ఇచ్చి చూశారు: 2007లో 17 మందికి, 2011లో 40 మందితో మరొక పరీక్ష. ఫలితాలు ఆశ కలిగించాయి. కాని 2018లో వీటిని సమీక్షించినవారు ఆధారాలు చాలవన్నారు. ఇంత తక్కువ మందితో చాలవు, నిజమే. అయితే నాల్‌ట్రెక్సోన్ 1963 నాటి మందు, దాని పేటెంటు ఎన్నడో తీరిపోయింది. వందలమందిపై పరీక్ష జరిపించిన కంపెనీకి ఆ ఖర్చు తిరిగిరాదు. ఆధారాలు చాలకపోవడంలో ఈ లెక్కకూ వాటా ఉన్నదని నా అనుమానం.