బొగ్గు సీమలో తలంటు, జుట్టు సంరక్షణ

బొగ్గుపొడి నీటికి సులువుగా తడవదు, నూనెకు మాత్రం ఇట్టే అంటుకుంటుంది. నూనె రాసిన తలకు పట్టిందంటే ఉత్తి నీళ్లతో వదలదు. సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో తలంటు ఈ ఇబ్బందితోనే ముడిపడింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. రామగుండం దగ్గర బాయిలు (బొగ్గు గనులు) 1960లలో విస్తరించాయి. వాటి చుట్టూ పెరిగిన ఊరే గోదావరిఖని. కార్మికులు పని దిగగానే కడుక్కునేందుకు బాయి దగ్గరే షవర్లున్న స్నానాల గదులు ఉండాలని 1959లో బొగ్గు గనుల పిట్‌హెడ్ బాత్ నిబంధనలు వచ్చాయి.

ఇళ్లలో తలకు పట్టిన మసిని వదిలించే పని కుంకుడుకాయలు చేశాయి. గింజ తీసి, కాయను చితక్కొట్టి, వేడినీళ్లలో నానబెట్టి పిసికితే నురగ వస్తుంది. కాయలోని సాపోనిన్లు జిడ్డును, దాన్ని పట్టుకున్న మసిని కలిపి ఊడదీస్తాయి. సున్నపుశాతం ఎక్కువున్న బోరునీళ్లలో సబ్బు తెల్లటి తెట్టుగా మారి జుట్టుకు పట్టేస్తుంది; కుంకుడు రసానికి ఆ దోషం లేదు. మందారాకుల జిగురు వెంట్రుకల మధ్య రాపిడి తగ్గించి చిక్కు తేలిగ్గా వచ్చేలా చేస్తుంది. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. తలంటాక నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగకు జుట్టు ఆరబెట్టేవారు. దూరం నుంచి తగిలే ఆ సెగ కురుల తీరును మార్చేది కాదు.

1980లలో షాంపూ ప్యాకెట్లు చిన్న కొట్లకూ చేరాయి. తలంటు పని నిమిషాలకు తగ్గింది. తర్వాత బ్యూటీ పార్లర్లతో పాటు స్ట్రెయిటనర్ వచ్చింది. దీని మూలం పాతదే: 1872లో పారిస్‌లో మార్సెల్ గ్రాటో కాల్చిన పట్టకారుతో జుట్టుకు అలలు తెప్పించాడు. అలలకు వాడిన ఆ వేడే తర్వాత ఉంగరాలు విప్పడానికీ పనికొచ్చింది.

వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దానిలోని హైడ్రోజన్ బంధాలు వేడికి విడిపోయి, చల్లారాక కొత్త ఆకారంలో కుదురుకుంటాయి. తల తడిస్తే మళ్లీ పాత ఆకారం వస్తుంది. వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటితే, లేదా అదే చోట పదేపదే తగిలితే, కెరటినే చెడుతుంది. తడి జుట్టును కాలిస్తే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి. అప్పుడు తడిపినా ఉంగరం తిరగదు, కొనలు చిట్లుతాయి.

చెడిన భాగాన్ని ఏ నూనె, ఏ క్రీము తిరిగి తేలేవు. జుట్టు తీరును నిర్ణయించేది కుదురు ఆకారం. కుదురు చెడనంత వరకు కొత్తగా మొలిచేది సహజ రూపంతోనే వస్తుంది. నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున పెరిగితే 30 సెంటీమీటర్లకు రెండున్నరేళ్లు. ఆ మధ్యకాలంలో ఒకే తలలో మొదళ్లలో ఉంగరాలు, కొనల్లో పీచు కనిపిస్తాయి. రెండూ కలిసే చోట వెంట్రుక తేలిగ్గా తెగుతుంది. అందుకే కొనలను కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, వేడి పరికరాలు మానాలి. దూరపు పళ్ల దువ్వెనతో కొన నుంచి పైకి చిక్కు తీయాలి. తలంటాక గట్టిగా తుడవకుండా మెత్తటి బట్టతో అద్ది, గాలికి ఆరనివ్వాలి.