గోడ మీది పేరు, పెట్టెలోని అంకె: ఉత్తరాంధ్ర పౌరసంఘాల డిజిటల్ భద్రతకు సాంకేతికుల శిక్షణ

శ్రీకాకుళం జిల్లా నౌపడ చుట్టుపక్కల పనిచేసే చిన్న ప్రజాసంఘానికి ఆఫీసంటే చాలావరకు కార్యదర్శి చేతిలోని ఫోనే. అలాంటి ఫోనులోకి ఏమేం చేరతాయో ఆ ప్రాంతపు ఇటీవలి చరిత్రే చెబుతుంది. 2010 జూలై 14న సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం వడ్డితాండ్ర దగ్గరా థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. 2023 ఏప్రిల్‌లో అదే మండలంలో మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. కొంచెం ఉత్తరాన ఉద్దానం, అక్కడి కిడ్నీ జబ్బు. ఎఫ్‌ఐఆర్ ప్రతులు, నిర్వాసితుల జాబితాలు, రక్తపరీక్ష కాగితాల ఫొటోలు, పింఛను రాని ముసలమ్మ బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఇవన్నీ వాట్సాప్‌లో ఒకదాని కింద ఒకటి పడి ఉంటాయి. ఈ కుప్పను కాపాడే పని నేర్పాల్సింది సంఘం వాళ్లకేనా, లేక వాళ్లకు సాయం చేయాల్సిన ఇంజనీర్లకా అన్నది ఈ వ్యాసం ప్రశ్న. ఇంజనీర్లకే ముందు అని నా అభిప్రాయం. వాళ్లు నేర్చుకోవాల్సిన బడి కూడా తెలుగు నేల మీదే ఉంది.

పౌరసంఘాల భద్రతకు అంతర్జాతీయంగా పద్ధతులు లేకపోలేదు. కంపెనీల నెట్‌వర్కుల కోసం పుట్టిన చొరబాటు పరీక్షలను చిన్న స్వచ్ఛంద సంస్థలకు సరిపోయేలా ఇంటర్‌న్యూస్ సంస్థ సేఫ్‌ట్యాగ్ పేరుతో మలిచింది. యాక్సెస్ నౌ 2013 నుంచి ఇరవై నాలుగు గంటల సహాయ కేంద్రం నడుపుతోంది. అది జవాబిచ్చే భాషల్లో తెలుగు లేదు. భాష సంగతి అలా ఉంచినా, ఈ పద్ధతులు ఒక గది, ఒక నెట్‌వర్కు, కంప్యూటర్ల బాధ్యత చూసే ఒక మనిషి ఉంటారని అనుకుని సాగుతాయి. మనవైపు ఈ పద్ధతులు అతకని చోటు అదే.

తెలుగు పేరు ముడిపడిన ఒక ఉదంతం చూడండి. 2016 జూన్‌లో కవి వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడిన వ్యక్తి ఎవరో, తరవాత భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్‌కు వరసగా ఉత్తరాలు పంపి ఒక ఫైలు తెరిపించారనీ, దాంతో నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం ఆయన కంప్యూటర్లోకి చేరిందనీ అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ తన నివేదికలో పేర్కొంది. ఆ నివేదిక 2021 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. ఆ కేసు దర్యాప్తు చేసిన ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. న్యాయస్థానం సంగతి పక్కన పెట్టి చూసినా, సాంకేతికులకు ఇందులో ఒక పాఠం ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపింది తెరవొద్దని కంపెనీల్లో చెప్పే జాగ్రత్త ఇక్కడ అక్కరకు రాదు. సంఘం నడిచేదే ఎరుక మీద. పెద్దాయన పంపిన ఫైలు తెరవకుండా, ఇది మీరే పంపారా అని ఫోను చేసి అడగడం మర్యాద తప్పినట్టు అనిపించే చోట, ఆ అడగడాన్ని మర్యాదగా మార్చడమే సగం పని.

ఇక దొంగ ప్రోగ్రాములతో పనిలేని ప్రమాదం మరొకటుంది. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి 2017 మేలో ఒక నివేదిక వెలువరించారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరికైనా దొరికేలా ఉన్నాయని వాళ్ల అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఉపాధి హామీ చెల్లింపుల నివేదికలు, చంద్రన్న బీమా. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు కులం, మతం, ఊరు సహా బయటపడ్డాయి. హైదరాబాదులో పనిచేసే కొడాలి లాంటి సాంకేతికులు పౌరసమాజానికి ఎలా ఉపయోగపడగలరో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు. తాళాలు పరీక్షించడంతో ఆగకుండా, పెట్టె అసలు వీధిలో ఎందుకు ఉందని అడిగారు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఉపాధి హామీ చెల్లింపులు నెట్‌లో పెట్టించింది పారదర్శకత కోరిన ఉద్యమమే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించమంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఈ తనిఖీలకు 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీల ఇళ్ల పిల్లలకే కొద్ది రోజులు తర్ఫీదిచ్చి, మస్టర్లు (హాజరు పట్టీలు) చేతికిచ్చి, ఇంటింటికీ పంపేవారు. ఎన్ని రోజులు పనికెళ్లావు, చేతికెంత ముట్టింది అని అడిగి, తేడాలను మొదట గ్రామసభలో, తరవాత మండల ప్రజావేదికలో పైకి చదివేవారు. ఊళ్లో లేనివాడి పేరున కూలి పడితే బయటపడేది ఆ చదవడం వల్లే. పేరు, పనిదినాలు, కూలి మొత్తం అందరికీ వినబడాలి. బ్యాంకు ఖాతా అంకె వినబడనక్కర్లేదు. ఫిర్యాదు చేసిన కూలీ పేరు ఫీల్డ్ అసిస్టెంటు చెవిన ఎప్పుడు పడాలో, ఎప్పుడు పడకూడదో ఆ తనిఖీదారుకు తెలిసి ఉండాలి. లేకపోతే మర్నాటి నుంచి ఆ కూలీకి పని దొరకదు. ఈ విచక్షణ నౌపడ ఉప్పుమడి గట్టు లాంటిది: నీళ్లు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో చూసుకోవడానికి కట్టినది.

దాచడం ఒక్కటే భద్రతగా నేర్చుకున్న ఇంజనీరుకు ఈ విచక్షణ పుస్తకాల్లో దొరకదు. అంతా దాచేయమంటాడు, తనిఖీ చచ్చిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చినప్పుడు సమాచార హక్కు కార్యకర్తలు వ్యక్తం చేసిన భయం కూడా ఇదే: గోప్యత పేరు చెప్పి మస్టరు కూడా ఇవ్వరేమోనని. అందుకే సాంకేతికుల శిక్షణ ల్యాబులో కాక ప్రజావేదికలో మొదలవాలంటాను. ఇంజనీర్లూ సామాజిక కార్యకర్తలూ కలిసిన లిబ్‌టెక్ ఇండియా ఉపాధి హామీ రికార్డుల మీద మన రాష్ట్రాల్లో చేసిన పని, ఈ రెండు విద్యలు ఒకచోట ఇమడగలవని చూపింది.

మనుషులకు కొదవ లేదు. నౌపడ దగ్గరలోనే టెక్కలిలో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. చదువు ముగిసాక వాళ్లు వెళ్లేది హైదరాబాదుకో బెంగళూరుకో. అలా వెళ్లలేని కొందరి గతి 2024 మేలో తెలిసింది: డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి కంబోడియా తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయించిన ముఠా మీద విశాఖ పోలీసులు కేసు పెట్టారు. డబ్బు సంగతి అంతకన్నా ఇరుకు. 2020 సవరణతో ఎఫ్‌సీఆర్‌ఏ కింద వచ్చిన విదేశీ నిధులను ఒక సంస్థ మరో సంస్థకు మళ్లించే వీలు పోయింది. నగరంలోని పెద్ద సంస్థ ఆ డబ్బుతో సంతబొమ్మాళిలోని చిన్న సంఘానికి భద్రతా సాయం కోసం గ్రాంటు ఇవ్వజాలదు. మిగిలేది ఉద్యోగం చేసుకుంటూ నెలకు రెండు ఆదివారాలు ఇవ్వగల మనిషి. శిక్షణ ఆ మనిషి తీరికకు తగ్గట్టు ఉండాలి.

ఇంకొక మాట. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతం మీద విరుచుకుపడ్డప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. ఇక్కడ దొంగ కన్నా గాలీ ఉప్పుతేమా ఎక్కువ కాగితాలు తినేస్తాయి. జాబితాకు రెండో ప్రతి ఉందా, అది మరో ఊళ్లో ఉందా అన్నది పాస్‌వర్డు పొడవు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఈ లెక్కన మొదటి ఆదివారం పనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఉద్దానం రోగుల జాబితా ఒకటి బల్ల మీద పరుచుకుని, సంఘం వాళ్లూ ఇంజనీరూ గడి గడీ చూడాలి: ఇది సభలో చదవాల్సిందా, బీరువాలో ఉండాల్సిందా, అసలు తీసుకోనే కూడనిదా? నీళ్ల ట్యాంకు కోసం కలెక్టరుకు ఇచ్చే అర్జీకి ఊరి పేరు, రోగుల సంఖ్య చాలు. రక్తపరీక్షలోని క్రియాటినిన్ అంకె డాక్టరుకు కావాలి. ఆధార్ ఫొటో ఎందుకు తీశారని ఇంజనీరు అడిగితే, అందరూ తీస్తారు కదా బాబూ అని కార్యదర్శి అనొచ్చు. ఆ ఫొటోలు చెరిపేశాకే ఫోనుకు తాళం వేయడం నేర్పాలి.