ఎనభై ఏళ్ళ మౌనం

మిలట్రీ నుంచి వచ్చినవాళ్ళకి కథలు చెప్పే జబ్బు ఉంటుందని మనకో నమ్మకం. నాటకాల్లో, సినిమాల్లో మీసం మెలేసి "నేను బర్మాలో ఉన్న రోజుల్లో..." అంటూ మొదలుపెట్టే రిటైర్డు సుబేదారు ఒకడు తగలక మానడు. ఆయన్ని చూడగానే పిల్లలు పరుగు లంకించుకుంటారు, మనం నవ్వుకుంటాం. కానీ యుద్ధాన్ని నిజంగా దగ్గరనుంచి చూసినవాళ్ళలో నోరు విప్పనివాళ్ళే ఎక్కువని నా అనుమానం. ఆ అనుమానానికి నేను పిలిచే సాక్షి మన దేశస్థుడు కాదు. ఇంగ్లండులో కుళాయిలూ గొట్టాలూ బిగించుకుంటూ బతికిన ఒక ప్లంబరు. పేరు హారీ ప్యాచ్.

ఆయన 1898 జూన్ 17న బాత్ నగరం పక్కనున్న కూమ్‌డౌన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి రాతిపని మేస్త్రి. పదిహేనో ఏట బడి మానేసి ప్లంబరు పనిలో చేరాడు. యుద్ధానికి తనంత తానుగా పోలేదు. 1916లో నిర్బంధంగా పట్టాళంలోకి తీసుకున్నారు. మరుసటేడు వేసవికల్లా బెల్జియంలో ఈప్ర్ పట్టణం దగ్గర బురదలో ఉన్నాడు. చరిత్ర పుస్తకాల్లో పాషెండేల్ అని పేరుపడ్డ పోరు అదే.

లూయిస్ మెషిన్‌గన్ను నడిపే అయిదుగురి జట్టులో ఆయనొకడు. ఆ అయిదుగురూ తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నారట. గత్యంతరం లేకపోతే తప్ప ఎవణ్ణీ చంపకూడదు, కాళ్ళకే గురిపెట్టాలి అని. ఒక దాడిలో ముందుకు పోతూ ఉంటే, ఒళ్ళు చీలిపోయి పడున్న తమ పక్షపు సిపాయి ఒకడు, తనని కాల్చేయమని బతిమాలాడు. పిస్తోలు తీసేలోగానే ప్రాణం పోయింది. పోతూ పోతూ ఒకే మాట అన్నాడు, "అమ్మా" అని. అది భయంతో పెట్టిన కేక కాదనీ, ఎదురుగా ఎవరో కనిపించినట్టు సంతోషంతో అన్నమాటనీ హారీ చివరిదాకా నమ్మాడు.

1917 సెప్టెంబరు 22 రాత్రి వాళ్ళ నెత్తిమీద ఒక గుండు పేలింది. అయిదుగురిలో ముగ్గురు అక్కడికక్కడే పోయారు. హారీ పొత్తికడుపు కింద దిగిన ఇనపముక్కని మత్తుమందు లేకుండానే తీశారు. ఆయన మళ్ళీ యుద్ధరంగానికి పోలేదు.

గాయం మానుతున్న రోజుల్లో ఏడా అనే అమ్మాయితో పరిచయమైంది. 1919లో పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు. బ్రిస్టల్లో విల్స్ స్మారక భవనం కట్టేటప్పుడు ప్లంబరుగా పనిచేశాడు. రెండో యుద్ధంలో, 1942 ఏప్రిల్లో జర్మన్ విమానాలు బాత్ నగరం మీద బాంబులు కురిపించినప్పుడు, అక్కడ మంటలార్పే దళంలో ఉన్నాడు. 1976లో ఏడా పోయేదాకా యాభై ఏడేళ్ళ కాపరం. అన్నేళ్ళలో ఆ రాత్రి సంగతి ఆమెకి ఒక్కసారీ చెప్పలేదు!

ఎందుకు చెప్పలేదంటారు? భార్యమీద నమ్మకం లేక కాదు. వర్షంలో తడిసొచ్చినవాడు చెప్పులు గుమ్మం బయటే విడిచినట్టు, ఆ బురదని ఇంట్లోకి తేకూడదనుకుని ఉంటాడని నా ఊహ. పొడిగా, వెచ్చగా ఉండే ఇల్లు ఒకటుండాలి గదా! కానీ గుమ్మం బయట విడిచినవి ఎక్కడికీ పోవు. నవంబరు 11న దేశమంతా చేసే సంస్మరణ ఆయనకి వట్టి ఆర్భాటంగా తోచేది. ఆయన స్మారకదినం సెప్టెంబరు 22. ఏటా ఆ రోజు తనలో తానే ఉండిపోయేవాడు. వయసు మళ్ళి వృద్ధుల ఆశ్రమంలో చేరాక, రాత్రిపూట ఎదుటి గదిలో ఎవరైనా దీపం వేస్తే చాలు, ఆ మెరుపుకి గుండు పేలినట్టే ఉలిక్కిపడేవాడు.

నూరేళ్ళు నిండాక, 1998లో, టెలివిజను వాళ్ళు వచ్చి అడిగితే మొదటిసారి నోరు విప్పాడు. ఆ తరవాత మరి ఆగలేదు. 2004లో బెల్జియం వెళ్ళి, అదే పోరులో అవతలిపక్షాన పనిచేసిన శార్ల్ కుంట్జ్ అనే నూటయేడేళ్ళ తాతని కలుసుకున్నాడు. ఆయన బిస్కట్లు తెస్తే ఈయన తన ఊరివైపు దొరికే ఆపిల్ సారా ఇచ్చాడు. వియ్యంకులు పలకరించుకున్నట్టే లేదూ? 2007లో ఆత్మకథ వెలువడింది. ఇద్దరు భార్యలనీ, ఇద్దరు కొడుకులనీ సాగనంపి, 2009 జులై 25న నూటపదకొండో ఏట కన్నుమూశాడు. బ్రిటన్ తరఫున ఆ కందకాల్లో పోరాడినవాళ్ళలో చివరివాడు ఆయనే.

వెల్స్ పట్టణపు పెద్ద చర్చిలో జరిగిన అంత్యక్రియల్లో ఆయన కోరిక ప్రకారం ఒక్క ఆయుధమూ కనిపించలేదు. శవపేటిక పక్కన బెల్జియం, ఫ్రాన్సు సిపాయిలతోపాటు జర్మన్ సిపాయిలూ నడిచారు. తరవాత సొంత ఊరికి దగ్గర్లో, తల్లిదండ్రుల సమాధుల సరసన పడుకోబెట్టారు.

ఆ ఈప్ర్ దగ్గరే 1914, 15ల్లో మన దేశపు సిపాయిలూ పోరాడారు. అక్కడి మెనిన్ గేటు మీద మనవాళ్ళ పేర్లూ చెక్కి ఉన్నాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం 'మిలటరీ మాధవరం' అని పిలుస్తారు. మొదటి యుద్ధం నాటినుంచీ తరం వెంట తరం పట్టాళానికి పంపిన ఊరది. అలా వెళ్ళి తిరిగొచ్చిన తాతల్లో ఎందరు తమ సెప్టెంబరు 22ని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారో!

హారీ యుద్ధరంగంలో ఉన్నది కొద్ది నెలలే. దాన్ని చెప్పడానికి ఎనభై ఏళ్ళు పట్టింది, అదీ పరాయివాళ్ళు వచ్చి అడిగితే. మీ ఇంట్లో నోరు విప్పని పెద్దాయన ఎవరైనా ఉంటే, భోజనాలయ్యాక పక్కన కూచుని, "తాతయ్యా, అప్పుడేమైంది?" అని అడిగి చూడండి. చెప్పకపోతే పోనీండి. అడిగినవాళ్ళు ఒకరున్నారని ఆయనకి తెలుస్తుంది.