బయ్యారం పరిసరాల వెదురు అల్లిక: సరుకు, హక్కు, మనుగడ

సారాంశం

బయ్యారం పేరు వినగానే ఇనుప ఖనిజం గుర్తుకొస్తుంది. అక్కడి అడవి ఇచ్చిన మరో సంపద వెదురు మీద దృష్టి పెట్టినవాళ్లు తక్కువ. వెదురు అల్లిక వెనకబడటానికి ప్లాస్టిక్ ఒక్కటే కారణం కాదనీ, బొంగు మీద అల్లేవాడికి హక్కు లేకపోవడం అంతకంటే పాత కారణమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ఆఫ్రికా బుట్టల అనుభవాన్ని పోలికగా తీసుకుంటుంది.

1. ప్రవేశిక

బయ్యారం మండలం ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ ఇక్కడ పెద్ద చెరువు తవ్వించింది. ఆ చెరువు శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. యంత్రాలు లేని 13వ శతాబ్దంలో అంత కట్ట పోయాలంటే మట్టిని తట్టలతో మోయాల్సిందే. కట్టించినామె పేరు రాతి మీద నిలిచింది. తట్టలు అల్లిన చేతుల గుర్తు మాత్రం ఆ కట్ట మట్టిలోనే ఉంది.

చెరువు నిండితే వరి పండింది. పండిన గింజకు అడుగడుగునా వెదురే తోడు: కళ్లంలో గంప, ఇంట్లో గుమ్మి, చెరగడానికి చాట, నూకలు వేరుచేయడానికి జల్లెడ, గంజి వార్చడానికి సిబ్బి. అందుకే అల్లికను అలంకార కళగా కాక, వ్యవసాయ పరికరాల తయారీగా చూడాలి.

2. అల్లేవాళ్లు, అల్లిన మాటలు

వెదురు పని ప్రధానంగా మేదర్ల కులవృత్తి. వీరిని మహేంద్రులనీ అంటారు. ఎరుకలవాళ్లు ఈత బరిగెలతో గంపలు, బుట్టలు అల్లుతారు. కోయలు తమ ఇంటి దడి, తడిక, చేపలు పట్టే ఊత తామే చేసుకుంటారు. కోయలకు వెదురు పవిత్రం కూడా. మేడారం జాతరలో కంకవనం (వెదురు బొంగులు) తెచ్చి గద్దె మీద నిలిపాకే మొక్కులు సాగుతాయి. ఇక మేదర్లలో, 12వ శతాబ్దపు శివశరణుడు మేదర కేతయ్య వెదురు పనినే కాయకంగా, అంటే పూజలాంటి శ్రమగా, భావించి కల్యాణ నగరంలో బసవన్న వెంట నడిచాడు.

భాషలోకీ ఈ పని ఇంకింది. గంపెడు, తట్టెడు, బుట్టెడు, చాటెడు అన్నవి కొలతలు. ఆశ ఎక్కువైతే గంపెడాశ, సంతోషం పట్టలేకపోతే చాటంత మొహం. ఊరు విడిచేవాడు తట్టాబుట్టా సర్దుకుంటాడు. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టిన ఇళ్లు, పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చే ఇళ్లు తెలుగునాట ఎన్నో.

3. అల్లికలోని లెక్క

ఏడాది రెండేళ్ల లేత బొంగు చక్కగా వంగుతుంది. ముదిరినది కర్రకు, గుంజకు పనికొస్తుంది. కత్తి అంచును బొంగు కొసన ఆనించి ఒక్క దెబ్బ వేస్తే చీలిక కణుపులు దాటుకుంటూ పోతుంది. సగం, పాతిక, ఆపైన సన్నని దబ్బలు. పై పచ్చపొరకు బలం ఎక్కువ, లోపలి తెల్లటి భాగం పెళుసు. అందుకే లోపలిది గీరి పారేస్తారు.

గుండ్రటి గంపకు ముందు నిలువు దబ్బలను చుక్కలా పరిచి, వాటి మధ్య సన్నని ఈనెను ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా తిప్పుతారు. ఒకే ఈనెతో అల్లేటప్పుడు నిలువు దబ్బలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టులోనూ ఈనె అదే దబ్బ మీదుగా పోతుంది, అల్లిక బిగవదు. బేసి అయితే మొదటి చుట్టులో మీద నుంచి పోయినచోట రెండో చుట్టులో కింది నుంచి పోతుంది. బడి చదువు లేని చేతికీ ఈ గణితం తెలుసు.

సందును కూడా కావాలనే అల్లుతారు. కోళ్ల గంపకు గాలి ఆడేంత, జల్లెడకు నూక జారి బియ్యం నిలిచేంత. చాటకు అసలు సందే ఉండకూడదు. అందుకే నానబెట్టి రుబ్బిన మెంతులు, కాగితపు గుజ్జు కలిపి ఇల్లాలు దానికి పూత పూస్తుంది. అల్లిక మేదరి ఇంట మొదలై వాడే ఇంట పూర్తవుతుంది.

4. ఆఫ్రికా బుట్టలతో పోలిక

ఆఫ్రికాలో అనేకచోట్ల పద్ధతి వేరు. గడ్డిని పాములా చుట్టలు చుట్టి, చుట్టకు చుట్టను సూదితో కుడతారు. రువాండాలో శంకువు మూతతో ఉండే అగసెకె అలాంటిదే. 1994 మారణహోమం తరువాత హుటూ, టుట్సీ తెగల స్త్రీలు పక్కపక్కన కూర్చుని అల్లడంతో అది శాంతి బుట్టగా పేరు పొందింది. దేశ రాజ్యచిహ్నంలోనూ దానికి చోటుంది. పశ్చిమాఫ్రికా నుంచి బానిసలుగా అమెరికాకు తరలించబడినవారు దక్షిణ కరోలినా వరిపొలాల్లో చుట్టకుట్టు బుట్టలతోనే బియ్యం చెరిగారు. మన చాటకు అవి దూరపు చుట్టాలు.

పేరు, విపణి ఉన్నా సరుకు కష్టం అక్కడా తప్పలేదు. ఘనా ఉత్తరాన బోల్గటంగాలో బుట్టలు అల్లేవాళ్లు గడ్డిని దేశపు దక్షిణ ప్రాంతాల నుంచి తెప్పించుకుంటున్నారు. బోట్స్వానాలో మొకోలా తాటి ఆకుల కోత మితిమీరడంతో మొక్కలు నాటి పెంచాల్సి వచ్చింది. సరుకు చేతికి అందితేనే పనితనం నిలుస్తుందన్నది ఇక్కడి పాఠం.

5. వెదురు ఎవరిది?

వృక్షశాస్త్రం వెదురును గడ్డి జాతి అంటుంది. 1927 భారత అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్ల లెక్కలో చేర్చింది. దాంతో అడవి అంచున బతికే మేదరి బొంగు తెచ్చుకోవడానికి అనుమతి కోసం చూడాల్సి వచ్చింది. మరోవైపు సిర్పూరు లాంటి కాగితం మిల్లులకు వెదురే ముడిసరుకైంది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. గోదావరి అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గ్రామసభ 2011లో వెదురు అమ్ముకునే అధికారం సాధించింది. అయితే మేదర్లు తెలంగాణలో వెనకబడిన తరగతులవారు. గిరిజనేతరులు ఈ చట్టం కింద హక్కు పొందాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో ఉండి దాని మీద ఆధారపడినట్టు రుజువు చూపాలి. ఊళ్లో గుడిసె వేసుకుని, బొంగు కోసం అడవికి వెళ్లి, వారపు సంతలో గంప అమ్ముకున్న కుటుంబం ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? ప్లాస్టిక్ తట్ట వచ్చేనాటికే ఈ వృత్తి కాళ్లకు సంకెల ఉంది.

6. ముగింపు

2017లో ఆ 1927 అటవీ చట్టాన్ని సవరించి, అడవి వెలుపల పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తొలగించారు. కాబట్టి దారి తెరుచుకుంది. బయ్యారం పరిసర గ్రామాల ఉమ్మడి భూముల్లో వెదురు పెంచాలి, కోతలో మొదటి హక్కు అల్లే కుటుంబాలకు, వాళ్లు గిరిజనులైనా కాకున్నా, రాతపూర్వకంగా ఇవ్వాలి. శిక్షణ శిబిరాలు, ప్రదర్శనలు ఆ తరువాతి మాట. పని వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు కావలసింది బొంగు. ఈ వానకాలం నాటిన పొద నాలుగైదేళ్లలో కత్తికి అందుతుంది.