పురిటి నొప్పులు – ఓర్పు నేర్పిన చేతులు

రామకృష్ణ పరమహంస పేరిట వెలసిన రామకృష్ణపురం ఢిల్లీవాసుల నోట ఆర్.కె. పురంగానే స్థిరపడింది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసార్థం 1950ల చివరి నుంచి విడతలు విడతలుగా, సెక్టార్లుగా నిర్మితమైన ఈ కాలనీలో దక్షిణాది కుటుంబాలు మొదటినుంచీ గణనీయంగా ఉండేవి. గుమాస్తాలుగా, అసిస్టెంట్లుగా, సెక్షన్ ఆఫీసర్లుగా వచ్చిన తెలుగువారు ఇక్కడి రెండు గదుల క్వార్టర్లలో సంసారాలు సాగించారు. వారు తమతో తెచ్చుకొన్నవాటిలో ఆవకాయ జాడీలు, పంచాంగాలు అందరి దృష్టిలోనూ పడినవే. అంతగా ఎవరూ పట్టించుకోని మరొక సంపద కూడా వారి వెంట వచ్చింది. అది ప్రసవవేదనను ఓర్చుకొనే విధానం. చరిత్రకారులు దీనిని చరిత్రగా లెక్కించడం ఇటీవలి సంగతి.

తొలికాన్పు పుట్టింట జరగాలన్నది తెలుగువారి ఆచారం. ఢిల్లీలో కాపురమున్న అమ్మాయిని ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో రైలెక్కించి తెనాలికో, వరంగల్లుకో పంపేవారు. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ ఆరంభం కావడంతో (రాష్ట్ర విభజన అనంతరం దాని పేరు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది) హైదరాబాదు ప్రయాణం కొంత సుగమమైంది. అయినా నిండు చూలాలికి ఆ దూరం దూరమే. పైగా రెండవ కాన్పునాటికి పెద్దబిడ్డ బడి అడ్డువచ్చేది. అప్పుడు కూతురు పుట్టింటికి వెళ్లడానికి బదులు తల్లియే కూతురింటికి వచ్చేది. సంచిలో ఆముదం సీసా, వాము, శొంఠి, బాలింతకు పెట్టే కాయం దినుసులు, పాత మెత్తని చీరలు. ఆమె తెచ్చిన వస్తువులన్నీ ఇంట్లో ఉపయోగపడ్డాయి. ఆమెకు తెలిసిన విద్య మాత్రం ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఎందుకంటే ఆర్.కె. పురంలో ప్రసవమంటే ఆసుపత్రి ప్రసవమే. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం 1954లో ఢిల్లీలోనే మొదలైంది. ఆ పథకం కింద ఈ కాలనీలో ఒక ప్రసూతి ఆసుపత్రి కూడా నడిచింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకోసం నెలకొల్పి, 1954లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ స్వీకరించిన సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా సమీపంలోనే ఉంది. ఊళ్లో ఉన్న చెల్లెలికి లేని భద్రత ఢిల్లీలోని అక్కకు లభించింది. అయితే నొప్పులు వచ్చిన ఆ రాత్రి ఆమె పక్కన తెలిసిన మనిషి లేదు. ప్రసవశాలలోకి బంధువులను రానివ్వని నియమం అప్పట్లో దేశమంతటా దాదాపు అన్ని ప్రభుత్వ ఆసుపత్రులలో అమలులో ఉండేది. తల్లి బయట బల్లమీద, కూతురు లోపల బల్లమీద.

మందు లేకుండా ప్రసవవేదనను భరించడమనేది ఈనాడు కొందరికి ఎంపిక. మన పూర్వికులకు మాత్రం అది తప్పనిసరి. ఆ తప్పనిసరిలోనే వారు ఎంతో ఆలోచించారు. చరక సంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం ఇందుకు తొలి సాక్ష్యం. సూతికాగారంలో గర్భిణి చుట్టూ ఎటువంటి స్త్రీలుండాలో అక్కడ వివరంగా ఉంది. వారు పలుమార్లు కన్నవారై ఉండాలి. స్నేహశీలురు, సమయానికి తగినట్లు మెలగగలవారు, విషాదం లేనివారు, కష్టసహిష్ణువులు కావాలి. వైద్యుడి పాండిత్యం కన్నా ముందుగా ఈ స్త్రీల స్వభావాన్ని చెప్పడం గమనార్హం.

ఆ అధ్యాయంలోనే ఒక వాదం కూడా నమోదై ఉంది. నొప్పులు వస్తున్నా కాన్పు కానప్పుడు గర్భిణిచేత రోకలి పట్టించి ధాన్యం దంపించాలని కొందరి మతం. ఆత్రేయుడు దానిని తిరస్కరిస్తాడు. గర్భిణికి కఠిన శ్రమ ఎన్నడూ కూడదు, ప్రసవ సమయంలో బొత్తిగా కూడదు. ఆవులించడం, అటూ ఇటూ నడవడం మాత్రం మంచివేనని ఆయన అభిప్రాయం. నడుము, పక్కలు, వీపు, తొడలు గోరువెచ్చని నూనెతో సుఖంగా మర్దించాలి. నొప్పి రాకముందే ముక్కవద్దని హెచ్చరించాలి. తుమ్ము రానివాడు బలవంతాన తుమ్మబోతే ఎలా వ్యర్థమో, నొప్పి లేకుండా ముక్కడం కూడా అంతే. ముందు మెల్లగా, తరువాత బలంగా ముక్కమనాలి. ఆ సమయంలో చుట్టూ ఉన్న స్త్రీలు ‘కన్నావు, కన్నావు’ అని ఉత్సాహపరిస్తే ఆ ఆనందంతో ఆమె ప్రాణాలు తేరుకుంటాయని కూడా సంహితాకారుడు చెప్పాడు. ధైర్యవచనాన్ని చికిత్సలో భాగంగా పరిగణించిన దృష్టి ఇది.

శాస్త్రగ్రంథాలను వదిలి తెలుగింటికి వస్తే, మనకు లభించే అపురూపమైన ఆధారం స్త్రీల పాట. ‘కౌసల్య వేవిళ్లు’ అని ప్రసిద్ధమైన పాటలో రామజననం ఒక మామూలు తెలుగింటి పురుడుగానే సాగుతుంది. మంత్రసాని దర్జాగా వస్తుంది, వీపు నిమురుతుంది, భయపడవద్దంటుంది. చుట్టూ ఉన్నవారు కౌసల్య ఒంటిమీది బరువైన నగలు తీసివేస్తారు. దూలాలకు తాళ్లు కట్టి ఆమెచేత పట్టిస్తారు. ఆ మహారాణి నొప్పి ఓర్వలేనని తల్లిని పిలుస్తుంది, క్షణం నూరేళ్లుగా తోస్తున్నదంటుంది. వెల్చేరు నారాయణరావు స్త్రీల రామాయణపు పాటలపై 1991లో వెలువడిన తమ ఆంగ్ల వ్యాసంలో ఈ ఘట్టాన్ని విశ్లేషించారు. పురుషులు రచించిన రామాయణాలలో పాయసం, పుత్రోదయం, దేవదుందుభులు ఉంటాయి గాని, ఆ మధ్యలో గడచిన రాత్రి ఉండదు. ఆ రాత్రిని కాపాడింది పాడుకొన్న ఆడవారే.

ఆ తాళ్లలోని విజ్ఞానాన్ని కొంచెం ఆలోచించవలసి ఉంది. తాడు పట్టుకొని నిలబడినా, గొంతుకూర్చున్నా బిడ్డ బరువు దిగువకు పనిచేస్తుంది, కటివలయానికి కొంత విశాలత ఏర్పడుతుంది. అంతకు మించి, నొప్పి వచ్చినప్పుడు శక్తినంతా ప్రయోగించడానికి చేతులకు ఒక ఆధారం దొరుకుతుంది. పురిటి నొప్పి ఎడతెగక ఉండేది కాదు. అలవలె లేచి, సుమారు నిమిషం పాటు నిలిచి, తగ్గిపోతుంది. మధ్యలో విరామం ఉంటుంది. మంత్రసాని నేర్పు ఆ విరామాన్ని కాపాడటంలోనే ఉండేది. నొప్పి లేనప్పుడు నడిపించడం, గుక్కెడు జీలకర్ర కషాయం తాగించడం, నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టడం, ఏదో ఊసు చెప్పి నవ్వించడం. నొప్పి వచ్చినప్పుడు వెనుకనుంచి వెన్నుపూసపై అరచేతితో గట్టిగా అదిమిపెట్టడం. ‘ఇది వచ్చిపోయేదే తల్లీ, దీన్ని పోనీ’ అన్న తీరులో ఉండే ఆమె మాట, రాబోయే గంటలను కాక ఎదుట ఉన్న ఒక్క నొప్పినే చూడమనేది. భయం వల్ల ఒంట్లో పెరిగే ఎడ్రినలిన్, కాన్పును నడిపించే ఆక్సిటోసిన్‌కు ఆటంకం కలిగిస్తుందని శరీరశాస్త్రం తరువాత వివరించింది. మంత్రసానికి ఆ పేర్లు తెలియవు. భయపడినవారి కాన్పు ఆగిపోతుందని మాత్రం తెలుసు.

ఇక్కడ మనం ఒక నిజాన్ని దాచరాదు. ఆ మంత్రసాని చేతులే ఎందరో తల్లులకు, బిడ్డలకు మృత్యుహేతువులయ్యాయి. కొడవలితో బొడ్డు కోయడం వలన పసికందులకు ధనుర్వాతం సోకేది. శుభ్రపరచని చేతివలన తల్లికి సూతికాజ్వరం వచ్చేది. బిడ్డ అడ్డం తిరిగితే ఆమె ధైర్యవచనాలు ఎందుకూ కొరగావు. మరొక సంగతి. అనేక గ్రామాలలో ఈ పని మంగలి, చాకలి, దళిత కుటుంబాల స్త్రీలది. పురుడు మైల గనుక, ఆ మైలను మోసే బాధ్యత వారిపై పడింది. ఇంటి కోడలిని రాత్రంతా ఒడిలో పట్టుకొన్న మనిషి పదిరోజులు గడిస్తే మళ్లీ గడప బయటే నిలబడింది. ‘మంత్రసానితనానికి ఒప్పుకున్నాక’ అంటూ మొదలయ్యే మన మోటు సామెతలో ఆమె పట్ల గౌరవం కన్నా ఎగతాళే ఎక్కువ. తన విద్యను ఆమె రాయలేదు, ఆమె చెబుతుంటే రాసుకొన్నవారూ అరుదే.

ఇదే కాలంలో నొప్పిని ఓర్చుకోవడం కాక, నొప్పినే తీసివేయడమనే ఆలోచన పశ్చిమాన పుట్టింది. ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847లో ప్రసవాలకు ముందు ఈథర్‌ను, అనంతరం క్లోరోఫారమ్‌ను వాడారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫారమ్ తీసుకోవడంతో మతపరమైన అభ్యంతరాలు చాలావరకు చల్లబడ్డాయి. ఈ కథలో హైదరాబాదుకు స్థానమున్నదని మనవారిలో చాలామందికి తెలియదు. క్లోరోఫారమ్ వలన మరణాలు శ్వాస ఆగడం వలననా, గుండె ఆగడం వలననా అన్న వివాదాన్ని తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లోను, 1889లోను రెండు కమిషన్లు హైదరాబాదులోనే పనిచేశాయి. వ్యయం ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. గుండెకు ప్రమాదం లేదన్న వారి నిర్ణయం ఆ తరువాత తప్పని తేలింది. అయితే ఆ హైదరాబాదు వైద్య పాఠశాలలోనే చదివిన పార్శీ వనిత రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు ఇవ్వడంలో నిపుణురాలై, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా పేరుపొందారు.

ఇంత జరిగినా సామాన్య స్త్రీ పురిటిగదికి క్లోరోఫారమ్ చేరలేదు. చేరింది శుభ్రత. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి, 1903లో లేడీ కర్జన్ చొరవతో వచ్చిన విక్టోరియా స్మారక నిధి దాయీలకు శిక్షణ ఇచ్చే ప్రయత్నం చేశాయి. తెలుగు జిల్లాలు కూడా అంతర్భాగమైన మద్రాసు రాష్ట్రంలో 1926లో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ మండలి గ్రామీణ సంక్షేమ ప్రాజెక్టులలో గ్రామసేవికలతోపాటు మంత్రసానులకు కూడా స్థానం కల్పించారు. ఈ శిక్షణలన్నీ చేతులు కడుక్కోవడం, బ్లేడు మరిగించడం నేర్పాయి. అది ఎంతో అవసరం. ఆమెనుంచి నేర్చుకోవలసింది కూడా ఏదైనా ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం ఆ శిక్షణలలో అరుదుగానే వినిపించింది.

విచిత్రమేమంటే, మన ఆసుపత్రులు గర్భిణిని వెల్లకిల పడుకోబెట్టి ఒంటరిని చేస్తున్న ఆ దశాబ్దాలలోనే ఐరోపా ఆ పద్ధతిని ప్రశ్నించనారంభించింది. ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో ప్రచురించిన గ్రంథంలో భయం బిగువును, బిగువు నొప్పిని పెంచుతుందని వాదించారు. సోవియట్ వైద్యులు పావ్‌లోవ్ సిద్ధాంతాల ఆధారంగా రూపొందించిన పద్ధతిని 1951లో అక్కడ చూసిన ఫెర్నాండ్ లమాజ్ దానిని పారిస్‌కు తీసుకువెళ్లారు. లయబద్ధమైన శ్వాస, ముందస్తు శిక్షణ, పక్కన ఒక తోడు – ఇవి ఆయన పేరిట ప్రపంచమంతా వ్యాపించాయి. ఆ తరగతులు తరువాత మన మహానగరాలకు కూడా రుసుము చెల్లించి నేర్చుకొనే విద్యగా వచ్చాయి. దూలానికి కట్టిన తాడును వదిలిన ఇంటికి ఆ పాఠం విమానమెక్కి తిరిగి రావడం చూస్తే నవ్వూ వస్తుంది, నొప్పీ కలుగుతుంది.

తోడు వల్ల కలిగే మేలు కేవలం భావుకత కాదు. గ్వాటెమాలాలో జరిపి 1980లో ప్రకటించిన అధ్యయనం మొదలుకొని అనేక దేశాల పరిశోధనలు, ప్రసవమంతటా పక్కన ఒక మనిషి ఉంటే కాన్పు సమయం తగ్గుతుందని, మందుల, శస్త్రచికిత్సల అవసరం తగ్గుతుందని చూపాయి. నొప్పి నివారణ మందు కోరిన స్త్రీని బలహీనురాలిగా చూడడం కూడా అన్యాయమే. ఎపిడ్యూరల్ కోరే హక్కు ఆమెకు ఉంది. వద్దనుకొన్న స్త్రీకి మాత్రం ఓర్పుకు కావలసిన ఆలంబన ఇవ్వకుండా, ‘అరవకు’ అని గదమాయించడాన్ని ఏ శాస్త్రమూ సమర్థించదు.

గణాంకాలు మరొక కథ చెబుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992–93లో దేశంలో ఆసుపత్రి ప్రసవాలు సుమారు నాలుగింట ఒక వంతు మాత్రమే. 2019–21 నాటికి అవి 88.6 శాతానికి చేరాయి. తెలంగాణలో 97 శాతం. ఇది లక్షల ప్రాణాలు నిలిపిన ప్రస్థానం. అయితే అదే సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశ సగటు 21.5. దీనికి కారణాలు అనేకం. ముహూర్తం చూసి కనడం ఒకటి, ఆసుపత్రుల ఆదాయం ఒకటి. నొప్పులంటే భయం, ఆ భయాన్ని తగ్గించే మనిషి లేకపోవడం కూడా వాటిలో ఒకటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి నర్సులకు వృత్తిపరమైన మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించడానికి పూనుకొన్నది ఈ పరిస్థితిలోనే. ఆ మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు వెలువరించింది. అదే 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సిఫారసులలో కోరుకొన్న తోడు, నడక, నిటారు భంగిమలు, మర్దన, వేడి కాపడం అన్నీ ఉన్నాయి.

అంతకు ముందే, 2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ ప్రభుత్వాసుపత్రుల ప్రసవశాలలలోకి గర్భిణి వెంట ఒక సహచరిని అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఆ సహచరి స్వయంగా ప్రసవానుభవం ఉన్న స్త్రీ అయి ఉండాలన్నది అందులోని నియమం. పలుమార్లు కన్నవారు, స్నేహశీలురు అని చరక సంహిత చెప్పిన మాట ఢిల్లీ కార్యాలయ భాషలో మళ్లీ వినబడింది. ఆర్.కె. పురం క్వార్టర్లనుంచి కూతురి వెంట వచ్చి, ఒళ్లో ఆముదం సీసా పెట్టుకొని, తెల్లవారేదాకా బయటి బల్లమీద కూర్చున్న ఆ తల్లులలో చాలామంది ఈ ఉత్తర్వు నాటికి ముత్తవ్వలయ్యారు.