మెస్సీయ : నిరీక్షణము, నెరవేర్పు

పదములు కాలక్రమమున అర్థమును మార్చుకొనుట భాషాచరిత్రలో సామాన్యవిషయము. కాని ఒక జాతి తరతరములుగా ఎదురుచూచిన రక్షకుని బిరుదమే విపరీతార్థమును పొందుట అరుదు. 'మెస్సీయ' అట్టి పదము. హీబ్రూ భాషలో దీనికి అభిషిక్తుడని అర్థము. గ్రీకులో 'క్రిస్తోస్' అనిరి, మనము క్రీస్తనుచున్నాము. కావున ఇది మొదట వ్యక్తినామము కాదు, పదవీనామము.

పూర్వము యూదులు తమ రాజులను, ప్రధానయాజకులను తైలముతో అభిషేకించుచుండిరి. పట్టాభిషేకము నెరిగిన మనకు ఇది సుబోధమే. క్రీ.పూ. 6వ శతాబ్ది ఆరంభమున బాబిలోనీయులు యెరూషలేమును ధ్వంసము చేయగా దావీదు సింహాసనము శూన్యమయ్యెను. చెరనుండి యూదులను విడిపించిన పారశీక చక్రవర్తి కోరెషును సైతము యెషయా గ్రంథము అభిషిక్తుడని పేర్కొన్నది. అనగా ఆనాటికి ఈ మాట రాబోవు ఒక్క పురుషునికే పరిమితము కాలేదు.

క్రీ.పూ. 63లో రోమను సేనాని పాంపే యెరూషలేమును వశపరచుకొనిన పిమ్మట నిరీక్షణము తీవ్రమయ్యెను. ఆ శతాబ్దికి చెందిన 'సొలొమోను కీర్తనలు', దావీదు వంశజుడొకడు వచ్చి అన్యజనులను పారద్రోలి నగరమును శుద్ధిచేయునని ఆశించినవి. 1947 మొదలు మృతసముద్రతీరపు కుమ్రాన్ గుహలలో దొరకిన వ్రాతలలో యాజకవంశపు అభిషిక్తుడు, రాజవంశపు అభిషిక్తుడు అను ఇరువురి ప్రసక్తి కలదు. యూదుల ఆశ ఏకరూపము కాదనుటకు ఇదియే తార్కాణము. అయినను విదేశీ పాలకునిచేత సిలువ వేయబడు మెస్సీయకు ఆ సామాన్య నిరీక్షణలో చోటు లేదు.

నజరేతువాడైన యేసు క్రీ.శ. 26-36 నడుమ యూదయ నేలిన పొంతి పిలాతు ఆజ్ఞచే సిలువ వేయబడెను. అది బానిసలకును, తిరుగుబాటుదారులకును విధించు శిక్ష. పైగా మ్రానున వ్రేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. సువార్తల ప్రకారము ఆయన యుద్ధాశ్వముపై కాక గాడిదపై నగరమున ప్రవేశించెను. మెస్సీయవని ఒప్పుకొనిన పేతురే, గురువు తాను శ్రమపడవలెనని పలికినంతనే ఆయనను వారింపబోయెను. శిష్యునికే దుర్గ్రాహ్యమైన మాట ఇతరులకు వింతగా తోచుటలో ఆశ్చర్యమేమి?

నాయకుని మరణముతో అట్టి ఉద్యమములు సాధారణముగా ముగిసెడివి. క్రీ.శ. 132-135లో రోమునెదిర్చిన బార్ కోఖ్బాను రబ్బీ అకీవా మెస్సీయగా భావించెనని యూద సంప్రదాయము చెప్పును. ఓటమితో ఆ ఆశ ఆరిపోయెను. యేసు శిష్యులన్ననో ఆయన పునరుత్థానుడయ్యెనని విశ్వసించి, బిరుదమును విడువక దాని అర్థమునే మార్చిరి. యెషయా 53వ అధ్యాయపు బాధితసేవకుని వర్ణనమును ఆయనకు అన్వయించిరి. ఆ భాగమున అభిషిక్తుడను మాట లేదు. సిలువ యూదులకు ఆటంకమనియు, గ్రీకులకు వెఱ్ఱితనమనియు పౌలు కొరింథీయులకు దాచక వ్రాసెను.

యూదుల నిరాకరణమును మూఢత్వమనుట న్యాయము కాదు. వారు ఆశించిన స్వాతంత్ర్యము రాలేదు, శాంతి రాలేదు, క్రీ.శ. 70లో దేవాలయమే దగ్ధమయ్యెను. పునరుత్థానమును చరిత్రకారుడు నిరూపింపజాలడు; అది విశ్వాసవిషయము. కాని ఆ విశ్వాసము పరాజయచిహ్నమును రాజచిహ్నముగా మార్చెననుట చరిత్ర.

ఈ భావము మన భాషలోనికిని వచ్చినది. నేటి ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి తెలుగు కీర్తనలు ఇప్పటికిని ఆరాధనలలో వినబడుచున్నవి. గుఱ్ఱము జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. అస్పృశ్యత ననుభవించిన కవికి తిరస్కృతుడైన రాజు కావ్యనాయకుడగుట సహజమే. క్రీస్తను పదమును ఉచ్చరించునప్పుడు, క్రైస్తవులైనను కాకున్నను, మన పిల్లలు దాని వెనుకనున్న ఈ ఆశాభంగమును, ఆశను రెంటిని ఎరుగుట మేలు.